మనుమరాలి బొంత

(సంఘం వార్షికోత్సవ సందర్భంగా జరిగిన స్త్రీల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నన్ను స్త్రీవిద్య గురించి మాట్లాడమన్నారు. నాలుగు ముక్కలు కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. ఆ విషయం నాకంటె బాగా చెప్పగలవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. నాకు చేతనైంది బొంత కుట్టడం. మొన్న దసరాకు ముందు మొదలుపెట్టి, కార్తీకంలో చలి ముదరకముందే మా మనుమరాలి బొంత పూర్తి చేశాను. ఆ సంగతే చెప్తాను. కాగితం పక్కన పెట్టినందుకు కార్యదర్శిగారు క్షమించాలి.

మాది నిజాంపేట. రామాయంపేట పక్క ఊరు. ఇప్పుడు మండల కేంద్రమైంది గాని, నా చిన్నతనంలో చిన్న పల్లె. మేము దూదేకులవాళ్ళం. సర్కారువారి వెనుకబడిన తరగతుల జాబితాలో ‘బి’ గ్రూపు కింద దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని మా పేర్లన్నీ ఒకే వరుసలో రాసి ఉంటాయి. పేర్లు ఎన్నయినా పని ఒకటే. గింజ తీసిన దూదిని విల్లుతో ఏకి, మబ్బులాగ పొంగించి, పరుపులకు బొంతలకు తయారుచేయడం.

మా అబ్బా ఆ పని చేసేవాడు. వానలు వెనకపట్టి, చేన్లల్ల పత్తి పగలడం మొదలైందంటే ఇంట్లో ఉండేవాడు కాదు. మనిషికంటె పొడుగైన విల్లు భుజాన వేసుకుని, కొయ్య గూటం సంచిలో పెట్టుకుని ఊరూరు తిరిగేవాడు. ఒక ఇంటి అరుగు మీద కూచుని విల్లు వేలాడదీసి, నారిని దూదిలో ఆనించి గూటంతో కొట్టేవాడు. ‘టుంయ్... టుంయ్’ అని ఆ చప్పుడు రెండు వాడలకు వినపడేది. పిల్లలు గుంపు కట్టేవాళ్ళు. గడ్డకట్టిన దూది కాస్తా చూస్తుండగానే పొంగి పొంగి అరుగు నిండేది. చూడడానికి ముచ్చటే. కాని ఆ దుమ్ము ఎక్కడికి పోతుంది? మనిషి రొమ్ములోకి పోతుంది. అబ్బా ముక్కుకు తడి రుమాలు కట్టుకునేవాడు. నలభై దాటేసరికి మెట్లెక్కితే ఆయాసం. రాత్రంతా దగ్గు. పత్తి మిల్లుల్లో, దూది పనుల్లో ఉండేవాళ్ళకు ఈ దుమ్ముతోటే ఒక ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని, దానికొక పేరుందని డాక్టర్లు చెప్తుంటే చాలా ఏండ్లకు విన్నాను. అప్పుడు మాకు అది అబ్బా దగ్గు, అంతే.

తర్వాత కరెంటు మోటారుతో ఏకే మిషన్లు వచ్చాయి. ఫోము పరుపులొచ్చాయి. పానిపట్టు నుంచి పూల దుప్పట్లు సంతలోకి దిగాయి. విల్లు అటకెక్కింది. ఒక ముసురు వారంలో కట్టెలు తడిసి పొయ్యి మండకపోతే, దాన్ని దించి నరికి వంటచెరుకు చేసింది నేనే. అబ్బా అప్పటికి లేడు. అమ్మీ చూసి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

విల్లు పోయింది గాని పేరు పోలేదు. ఇక్కడ దాపరికం లేకుండా ఒక మాట చెప్పాలి. తెలుగులో ఎవరినైనా నీచంగా తిట్టాలంటే ‘పింజారి’ అంటారు. బడిలో నన్ను అన్నారు. నా బిడ్డను కాలేజీలో అన్నారు. అన్నవాళ్ళకు అది ఒక వృత్తి పేరని కూడ తెలియదు. బాగ్దాదులో 922లో ప్రాణాలర్పించిన మన్సూర్ హల్లాజ్ పేరులోని ‘హల్లాజ్’ అంటే దూదేకేవాడని మౌల్వీసాబ్ చెప్తే విన్నాను. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్యను జనం దూదేకుల సిద్ధయ్య అనే తలుచుకుంటారు. బుర్రకథ నాజరుగారు గుంటూరు జిల్లా పొన్నెకల్లులో మా కులంలోనే పుట్టారు. 1986లో పద్మశ్రీ వచ్చినవారు. ఆయన జీవితకథ పుస్తకానికి పేరేమిటో తెలుసునా? ‘పింజారి’. తిట్టును తీసుకొని అట్ట మీద వేయించారు. నాకు అంత ధైర్యం ఎన్నడూ లేదు.

ఇక బొంత సంగతి. మా అమ్మీ తన ముని మనుమల కోసమని చేతులాడినన్నాళ్ళు ఒక చిన్న బొంత కుడుతూ వచ్చింది. రెండు మూరల పొడుగు, ఒకటిన్నర మూర వెడల్పు. పైపొర అంతా ముక్కలు. అబ్బా లుంగీ ముక్క ఒకటి, నా పెండ్లినాటి ఓఢ్నీ కొంగు ఒకటి, పక్కింటి వడ్లోళ్ళ అవ్వ ఇచ్చిన ఎర్ర నేతచీర ముక్క ఒకటి. పసిపిల్లల బొంతకు నాలుగిండ్ల పాతబట్ట ఉండాలనేది అమ్మీ. ఎందుకని అడిగితే, నాలుగిండ్ల దువా కదా అనేది. మూడు పక్కలు కుట్టి నాలుగో పక్క విడిచిపెట్టింది. అందులో దూది నింపాలని. ఆ దూది కూడా దాచింది. అబ్బా చివరిసారి ఏకిన దూది, ఒక గోనెసంచిలో మూటకట్టి సందూకు అడుగున పెట్టింది. మొన్నటి రంజాన్ వెళ్ళిన నెలకే అమ్మీ అల్లాకు ప్రియమైంది. బొంత అట్లే నోరు తెరుచుకుని ఉండిపోయింది.

నా బిడ్డకు నెలలు నిండకముందే భాద్రపదంలో కాన్పయింది. పాప బరువు కిలో తొమ్మిది వందలు. రెండున్నర కిలోలకు తక్కువ పుడితే తక్కువ బరువు కిందే లెక్క. ఇది అంతకంటె చాలా తక్కువ. దవాఖానాలో చూస్తే గుప్పిట్లో పట్టేటట్లుంది. నాకు ఒకటే భయం, రాబోయేది చలికాలం. ఇంటికి రాగానే సందూకు తెరిచి బొంత, దూది మూట బయటికి తీశాను.

నా బిడ్డ ముఖం మాడ్చుకుంది. “అమ్మా, ఎవరన్న చూస్తే పింజారోళ్ళ బొంత అంటరు. దుప్పటి కొన్న కద, అది చాలు” అన్నది. దుకాణంలో కొన్నది, గులాబి రంగుది, మెత్తగానే ఉన్నది. నేనేమీ అనలేదు. తిట్టు పడ్డవాళ్ళకే దాని బాధ తెలుస్తుంది.

కాని నన్ను ఆపింది ఆ మాట కాదు. పాపను తూచడానికి వచ్చిన నర్సమ్మ దూది మూట చూసి, “ఇది పాపకా?” అని అడిగింది. అవునన్నాను. ఆమె కూచుని నెమ్మదిగా చెప్పింది. ఇంత చిన్న పిల్లకు వెచ్చదనం బొంతతో రాదు, తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్ళు ఆనించి పెట్టుకుంటే వస్తుంది. తలకు టోపి, కాళ్ళకు మేజోళ్ళు వేసి, తల్లీబిడ్డలను కలిపి ఒక బట్టతో చుట్టాలి. 1978లో కొలంబియా దేశం బొగోటాలో పిల్లలను పెట్టే వెచ్చటి పెట్టెలు చాలకపోతే అక్కడి డాక్టర్లు ఈ పద్ధతి మొదలుపెట్టారట. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నారు. ఇంకొక మాట కూడా చెప్పింది. నిద్రపోయే పసిబిడ్డ మీద మందపు బొంత కప్పొద్దు, అది జారి ముక్కు మీద పడితే తోసుకునే బలం దానికి లేదు. కింద కూడా దిగబడే మెత్తటి పరుపు వద్దు. గట్టి పక్క మీద పలచటి బట్ట పరిచి వెల్లకిల పండబెట్టాలి. “ఈ పాత దూది దుమ్ము పాపకు అసలే పనికిరాదమ్మా” అని లేచిపోయింది.

ఆ రాత్రి మూట విప్పి చూశాను. అన్నేండ్లకు దూది మళ్ళీ గడ్డకట్టింది. పసుపురంగు తిరిగింది. చేత్తో విదిలిస్తే దీపం వెలుగులో సన్నటి దుమ్ము లేచింది. నాకు దగ్గు వచ్చింది. అచ్చం అబ్బా దగ్గు.

దూదేకులవాళ్ళ బొంతలో దూది లేకపోతే ఎట్లా అని రెండు దినాలు కొట్టుకలాడాను. మూడో దినం దూది పక్కన పెట్టి పాత బట్టలు వెదికాను. లోపల దూది బదులు పాత నూలుచీరల పొరలు రెండు పరిచాను. ఇది కొత్త పద్ధతేం కాదు. బంగాళా ఆడవాళ్ళు పాతచీరలు పొరలుగా వేసి, అంచు దారాలు లాగి వాటితోనే కాంథా కుడతారు. ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఆఫ్రికానుంచి వచ్చిన సిద్దీలున్నారు, వారిలో మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ బొంతను కవంద్ అంటారు. అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ నడుమకు వస్తారు. నాలుగు మూలల మడతపెట్టిన ముక్కల పూవు కుడతారు. ఆ పూవు లేకపోతే బొంత దిసమొలతో ఉన్నట్టేనట! మా కోడలు ఫోనులో చూపించింది. నేనూ నాలుగు మూలల పూవులు కుట్టాను, ఎవరి ముచ్చటైతేనేం.

కుట్టదలచినవాళ్ళకు పని సంగతులు రెండు చెప్తాను. పాతబట్ట అంతా నూలు కాదు. అంచునుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలాగ మిగులుతుంది. అది పిల్లలకు వద్దు. జరీ అంచులు, గుండీలు, హుక్కులు కత్తిరించి, మరిగే నీళ్ళలో ఉడికించి, రెండెండలు ఎండనీయండి. ఆశ్వయుజం ఎండ అందుకు మంచిది, మబ్బు ఉండదు. ఇంకోటి, కూచునేటప్పుడు సూదులు లెక్కపెట్టుకోండి, లేచేటప్పుడు లెక్కపెట్టుకోండి. నేను రెండే పెట్టుకున్నాను. ఒకనాడు మాపటివేళ ఒక్కటే కనపడింది. బొంత మొత్తం వేళ్ళతో తడిమి, కుట్టిన రెండు వరుసలు విప్పి, చివరకు చూస్తే నా చీరె కొంగుకే గుచ్చి ఉంది! నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

అమ్మీ కుట్టు నువ్వుగింజంత. నాది వడ్లగింజంత. కంటిపొర తీయించుకున్నా చూపు అంతంతే. పక్కపక్కన చూస్తే తేడా ఎవరికైనా తెలిసిపోతుంది. ఒకసారి ఆమె కుట్లు విప్పి అంతా ఒకతీరుగ కుడదామనుకున్నాను. కత్తెర కూడ తీశాను. నా బిడ్డ పాపకు పాలిస్తూ చూస్తూ ఉంది. “నాని కుట్లు విప్పకమ్మా” అన్నది. ఆమె ఆ బొంత గురించి మంచి మాట అనడం అదే మొదలు. తర్వాత పాపను నాకిచ్చి, నాలుగో పక్కలో ఒక జానెడు తానే కుట్టింది. అది వంకరగా ఉంది, అట్లనే ఉంచాను.

బతుకమ్మ పాటలు అయిపోయి, దీపావళి వెళ్ళిన వారానికి ఆఖరు ముడి వేశాను. పాప అప్పటికి మూడు కిలోలు దాటింది. దాన్ని గట్టి పక్క మీద పలచగా పరిచి పండబెడుతున్నాం. పైన కప్పడం ఇంకా లేదు, నర్సమ్మ వద్దన్నది. నడిచే వయసొచ్చినాక కప్పుకుంటుంది.

మొన్న టీకాలకు పోయినప్పుడు వరుసలో నిలబడ్డ ఒకామె ఈ బొంత ఎక్కడ కొన్నరని అడిగింది. నా బిడ్డ కాసేపు మాట్లాడలేదు. తర్వాత “కొనలేదు, మా తాత దూదేకెటోడు. మా నాని మొదలుపెట్టింది, మా అమ్మ కుట్టింది” అన్నది. తాను కుట్టిన జానెడు మాత్రం చెప్పలేదు.

మిగిలిన దూదిని ఏం చేశావని మా ఆపా అడుగుతూ ఉంది. మూట మళ్ళీ కట్టి సందూకులోనే పెట్టాను. ఎవరింట్లోనైనా అటక మీద విల్లు ఉంటే మాత్రం అమ్మకండి, పొయ్యిలో పెట్టకండి. సంఘానికి చెప్పండి, వచ్చి చూస్తాం.

బొంత వెంట తెచ్చాను. వెనక బెంచీ మీద మా బిడ్డ దగ్గర ఉంది. చూడదలచినవాళ్ళు చూడొచ్చు. చాయ్ తాగిన చేతులు కడుక్కుని పట్టుకోండి, మాపటికి పాపకు అది కావాలి. అస్సలాము అలైకుమ్.