నాచు గోలీ తిండే, మందు కాదు



ఈమధ్య మన ఊళ్లకు కొత్త సీసా వస్తున్నది. దాని పేరు స్పైరులినా. షుగర్ పోతది, బీపీ దిగుతది, రక్తం పడతది అని చెప్పి అమ్ముతున్నారు. డాక్టర్ రాసిన గోలీలు ఆపి ఇవి మింగుతున్నవాళ్లను మనం చూస్తున్నాం. అందుకే ఈ నెల ఎరువుల ధరల సంగతి పక్కనపెట్టి దీని గురించి మాట్లాడుకుందాం.

స్పైరులినా అంటే నీలి ఆకుపచ్చ నాచులో ఒక రకం. ఇది మంచి తిండే. ఎండబెట్టిన పొడిలో 60 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి. ఆఫ్రికాలో చాద్ సరస్సు ఒడ్డున జనం దీన్ని వడకట్టి, ఎండబెట్టి, కూరలో వేసుకొని తింటారు. అంతవరకు నిజం.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక్కో గోలీ అర గ్రాము. రోజుకు ఆరు మింగితే 3 గ్రాములు. అందులో మాంసకృత్తులు 2 గ్రాములకు మించవు. ఒక్క కోడిగుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. గుప్పెడు పెసళ్లలోనూ దాదాపు అంతే. ఇక ఆ ఆరు గోలీల్లో ఇనుము ఒక మిల్లీగ్రాము. గర్భిణికి సర్కారు దవాఖానలో ఉచితంగా ఇచ్చే ఐరన్ గోలీ ఒక్కదానిలో 60 మిల్లీగ్రాములు! రక్తం తక్కువున్న మన ఆడబిడ్డలకు ఏది కావాలో మీరే చెప్పండి. దీనిలో బి12 ఉన్నదని కూడా అంటారు. దానిలో ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని రకం.

షుగర్, కొవ్వు మీద చిన్న పరీక్షలు జరిగాయి, కొంత తగ్గినట్టు కనిపించింది. కానీ మందు మానేసి దీన్ని నమ్ముకోవచ్చని ఏ పరీక్షా తేల్చలేదు. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు.

ఇంకో మాట. ఆ నాచును శుభ్రమైన తొట్లలో పెంచుతారు. మన చెరువుల మీద ఎండాకాలం తేలే పచ్చని తెట్టు అది కాదు. ఆ తెట్టులో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉండొచ్చు. నీళ్లు కాచినా ఆ విషం పోదు. పశువులను కూడా అక్కడ తాగనివ్వొద్దు.

మరి నాచుతో రైతుకు లాభం లేదా? ఉన్నది, మన వరి మడిలో ఉన్నది. గాలిలోని నత్రజనిని పట్టే నాచు రకాలు వేరే ఉన్నాయి. వరి మడిలో అవి చేసే ఈ పనిని పి.కె. డే అనే మన దేశ శాస్త్రవేత్త 1939లోనే చూపించారు. నాట్లు వేసిన వారం పది రోజులకు ఎకరాకు 4 కిలోల నాచు ఎరువు చల్లి, మడిలో నీళ్లు నిలబెట్టాలి. బాగా పెరిగితే ఎకరాకు పది కిలోల దాకా నత్రజని, అంటే దాదాపు అర బస్తా యూరియా, ఆదా అవుతుంది. యూరియా మొత్తం మానేయమని మేం చెప్పం. వరంగల్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో అడిగి, ముందు ఒక్క మడిలో వేసి చూడండి.

మా సంఘం అడిగేది రెండే. నాచు ఎరువు సీజనుకు ముందే మండలాలకు చేరాలి. రేషన్ షాపులో బియ్యంతోపాటు పప్పు ఇవ్వాలి.

సీసా కొనే పైసలతో గుడ్లు, పెసళ్లు కొనండి. డాక్టర్ రాసిన గోలీ మాత్రం ఆపకండి.