ఆహారశాస్త్ర విద్య – మన యువతీయువకులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట, వేళకు తలుపులు తెరచి మూయుటచేత మాత్రమే జరుగదు. చదువువారు ఉండవలెను, చదివినదానిని ఊరికి పనికివచ్చునట్లు చేయువారు ఉండవలెను. ఏటేట వేసవి నెలలలో ఈ బల్లచుట్టు తల్లిదండ్రులు చేరుట వార్తాపత్రికల కొరకు మాత్రమే కాదని సభ్యులెల్లరు ఎరుగుదురు. ఇంటర్మీడియటు ముగిసినది, పిల్లవానిని ఏమి చదివింపవలెను? పిల్లను ఎచ్చటికి పంపవలెను? ఈ ప్రశ్నకు వైద్యము, ఇంజనీరింగు అను రెండు మాటలే పదినోళ్ల వినబడును. మూడవ మాటగా తలపదగిన చదువొకటి కలదు. అది ఆహారశాస్త్రము, దానితో కూడిన ఆరోగ్యశాస్త్రము.

ఈ పేరు చెప్పగానే సాధారణముగా వచ్చు ఆక్షేపణ ఒకటే: “వంట నేర్చుటకు విశ్వవిద్యాలయమేల? ఇంట అమ్మ నేర్పదా?” ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. అమ్మ నేర్పునది రుచి, పొదుపు, వేళ. ఇవి లేక ఇల్లు నడువదు. కాని తినిన అన్నము దేహమున ఏమగుచున్నది, ఏది చాలక ఏ రోగము వచ్చుచున్నది అను లెక్క అమ్మకు గాని, అమ్మమ్మకు గాని ఎవ్వరును చెప్పినవారు కారు. ఆ లెక్క చదువు వేరు.

అన్నవిచారము మన పెద్దలకు క్రొత్త కాదు. తైత్తిరీయోపనిషత్తున భృగువు బ్రహ్మమేమో తెలియగోరి తపస్సుచేసి, మొట్టమొదట తెలిసికొనినది అన్నమునే. ఆనందము దాక పోవు ఆ మెట్లలో అన్నమే తొలిమెట్టు. చరకసంహిత సూత్రస్థానమున ధాన్యములు, పప్పులు, కూరలు, పండ్లు, పాలు మొదలగు ఆహారద్రవ్యములను వర్గములుగా విభజించి గుణములు చెప్పబడినవి. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలమున ఒకతీరు, చలికాలమున ఒకతీరు, వేసవిని మరియొకతీరు భోజనము పెట్టును. కావున గుణము తెలిసినవారు మనలో పూర్వమే కలరు. నూతనశాస్త్రము దానికి చేర్చినది కొలత. గుణమునకు కొలత తోడైననే రోగమునకు కారణము దొరకును. దీనికి దృష్టాంతము దూరదేశమున వెదుకనక్కరలేదు. అది తెలుగువారి కంచముననే కలదు.

బ్రిటిషువారి కాలమున ఉత్తర సర్కారులనబడిన కోస్తా తెలుగు జిల్లాలలో బెరిబెరి అను వ్యాధి మెండుగా నుండెను. కాళ్లు తిమ్మిరెక్కును, కొందరికి ఒడలు వాచును, గుండె బలహీనమగును. పాలుత్రాగు పసికందులు సయితము చనిపోవుచుండిరి. అదే మదరాసు రాజధానిలో ఉప్పుడుబియ్యము తిను ఇతర ప్రాంతములలో ఈ వ్యాధి అంతగా లేదు. ఈ భేదమేల? 1918లో నీలగిరులలోని కూనూరునందు రాబర్టు మెక్కారిసను అను వైద్యుడు ఒక్కగదిలో బెరిబెరి పరిశోధన నారంభించెను. ఆయన తరువాత డబ్ల్యు. ఆర్. ఐక్రాయిడు మొదలగువారు ఆ పని కొనసాగించిరి. తేలిన విషయమిది: పచ్చిబియ్యమును మరలో తెల్లగా పట్టినప్పుడు పైపొర తవుడుతో పాటు థయమిను అను విటమిను పోవుచున్నది. వడ్లను ఉడికించి ఆరబెట్టినచో ఆ విటమిను గింజలోనికి ఇంకి, మరపట్టినను చాలవరకు నిలుచును. భారతీయ ఆహారముల పోషకవిలువల పట్టికలలో నూరు గ్రాముల దంపుడు బియ్యమునందు థయమిను 0.21 మిల్లీగ్రాములు, మరపట్టిన పచ్చిబియ్యమునందు 0.06 అని వ్రాయబడియున్నది. బియ్యమును పలుమార్లు కడిగి, గంజి వార్చినచో ఆ మిగిలినదియు కొంత పోవును. తెల్లనన్నము గౌరవమని ఎంచుకొనిన ఇండ్లలోనే లోటు ప్రవేశించినది. దీనిని కనిపెట్టినది మందు కాదు, లెక్క.

కూనూరులోని ఆ ఒక్కగదియే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అను పేర ప్రసిద్ధికెక్కెను. అనగా ఈ విద్యకు దేశమంతటిలో ముఖ్యమైన పీఠము తెలుగునేలమీదనే కలదు.

ఇక మెట్టసీమ మాట. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు ఒకప్పుడు కృష్ణాజిల్లా మెట్టగా పేరొందినవి. 2022 నుండి ఎన్‌టీఆర్ జిల్లాలో చేరినవి. ఇచ్చట పూర్వులది జొన్నకూడు. కృష్ణ కావలియొడ్డుననున్న పలనాటి జొన్నకూటిని పరిహసించిన చాటువులు శ్రీనాథునివని చెప్పుదురు. జొన్నను నిందింప పనిలేదు. అది బలమైన ధాన్యమే. కాని పప్పు, పాలు, కూర లేక జొన్న ఒక్కటే తినువారికి పెల్లాగ్రా అను వ్యాధి వచ్చుట దక్కను పీఠభూమిలో కానవచ్చెను. ఎండతగిలిన చోట చర్మము నల్లబడి పగులును, విరేచనములు పట్టును, మతి చెదరును. హైదరాబాదు సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్యలు జొన్నలోని లూసిను అను అంశమునకు దీనితో సంబంధము కలదని 1960లో ప్రకటించిరి. పిదప శాస్త్రజ్ఞులలో ఆ విషయమై వాదములు జరిగినను, జొన్న తిను పేదవాని కష్టము ప్రపంచ వైద్యపత్రికలకెక్కినది ఆ పరిశోధన వలననే.

పొరుగుననే యున్న నల్లగొండ జిల్లాలో త్రాగునీటి ఫ్లోరైడు వలన పలువురి ఎముకలు చెడినవి. 1973లో అదే సంస్థవారు అచ్చటి పిల్లల మోకాళ్లు లోనికి వంగుటను పరిశీలించి ప్రకటించిరి. నీటిదోషము ఒక్కటే కాక, కంచములో సున్నము చాలకపోవుటయు వ్యాధిని పెంచునని తేలినది. నీటిని శుద్ధిచేయుట ఇంజనీరు పని. ఆ పిల్లవాని కంచమును సరిచేయుట ఆహారశాస్త్రజ్ఞుని పని. ఒకరు లేక రెండవవారి శ్రమ సగమే ఫలించును.

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాత ఈ మెట్టకును నీరు వచ్చెను. జొన్నచేలు తగ్గి వరి, ప్రత్తి, మిరప పెరిగినవి. జొన్నసంకటి పోయి తెల్లనన్నము వచ్చినది. ఇది సంతోషింపదగినదే, ఆకలి తగ్గినది. అయితే నూరు గ్రాముల రాగులలో సున్నపు ధాతువు సుమారు 364 మిల్లీగ్రాములుండగా, మరబియ్యమున ఎనిమిది మిల్లీగ్రాములైనను లేదు. కడుపు నిండుట వేరు, దేహమునకు చాలుట వేరు.

ఈ మాట ఎవరిని గూర్చియో కాదు. పల్లెనుండి కళాశాలకు పోవు బాలికను చూడుడు. ఉదయమున ఏమియు తినక బస్సెక్కి నందిగామకో జగ్గయ్యపేటకో పోవును. మధ్యాహ్నమునకు కన్నులు తిరుగును. ఇంటివారు బడలిక యందురు, చదువు భారమందురు, కొందరు చదువు మాన్పింతురు. అది పలుమారు రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదని తేలినది. అనగా ఈ సభలో కూర్చున్న అమ్మలలో, అక్కలలో సగముకంటె ఎక్కువమందిని గూర్చి చెప్పుచున్న మాట ఇది. పెరటిలో తోటకూర, చేనిగట్టున మునగ ఉండగా ఈ లోటేల వచ్చినదో, ఏది మందుతో తీరునో, ఏది తిండితో తీరునో చెప్పగల మనిషి ప్రతి మండలమునకు కావలెను.

అట్టి చదువు ఎంత దూరము పోగలదో తెలిసికొనుటకు ఒక తెలుగువాని జీవితము చాలును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరుడు స్ప్రూ అను గ్రహణివంటి రోగముచే మరణించెను. ఆయన మదరాసులో వైద్యము చదివి, అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ నౌకరీ చేసికొనుచు హార్వర్డులో చదివెను. అంతకు కొలదికాలమునకు లూసీ విల్సు అను వైద్యురాలు బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణులకు వచ్చు రక్తహీనత ఈస్టుసారముచే తగ్గుటను చూచి 1931లో ప్రకటించెను. అందలి గుణకారి ఫోలిక్ ఆమ్లము. దానిని శుద్ధముగా వేరుచేసి, 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసిన లెడర్లే ప్రయోగశాల పరిశోధకులకు నాయకుడు సుబ్బారావుగారే. సోదరుని బలిగొన్న స్ప్రూ రోగమునకే అది ఔషధమైనది. నేడు గర్భిణులకిచ్చు ఇనుము మాత్రలలో కలిసియుండునదియు అదియే. ఆకుకూరలలో అది స్వభావసిద్ధముగా కలదు.

ఇట్టి విద్య నభ్యసించుటెట్లు? ఇంటర్మీడియటులో జీవశాస్త్రము, రసాయనశాస్త్రము శ్రద్ధగా చదివినవారికి మార్గము సుగమము. ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి గుంటూరు కళాశాలలో, పూర్వము గృహవిజ్ఞానమని పిలువబడి ఇప్పుడు సామాజిక విజ్ఞానమని పేరుమారిన నాలుగేండ్ల పట్టము కలదు. 1983లో నెలకొన్న తిరుపతి శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునందును ఈ శాస్త్రము బోధింతురు. హైదరాబాదు జాతీయ సంస్థలో ఎం.ఎస్సీ. చదువ వీలున్నది. చదువవలసినవి దేహధర్మశాస్త్రము, జీవరసాయనము, సూక్ష్మజీవశాస్త్రము, ఆహారరసాయనము, రోగికి పథ్యనిర్ణయము, గ్రామములలో సర్వే చేయు పద్ధతి, సంఖ్యాశాస్త్రము. ఇందులో వంట ఒక చిన్న భాగము మాత్రమే.

ఉద్యోగముల మాట. ఆసుపత్రిలో మధుమేహరోగికి, మూత్రపిండములు చెడినవానికి తూకముతో పథ్యము నిర్ణయించువారు కావలెను. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమున అంగన్‌వాడీలపై పర్యవేక్షకులుగా, అధికారులుగా స్థానములు కలవు. జగ్గయ్యపేట చెంతనే గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రము కలదు. అట్టి కేంద్రములలో పైరు నిపుణులతో పాటు గృహవిజ్ఞానము తెలిసినవారికిని పని యుండును. బోధన, పరిశోధన ఉండనే యున్నవి. 2021లో పార్లమెంటు చేసిన చట్టము వైద్యుని తోడ పనిచేయు వృత్తులలో పోషకాహార నిపుణులను కూడ చేర్చినది.

దీనిలోని కష్టమును దాచుట న్యాయము కాదు. చదువు ముగియగానే పెద్దజీతము రాదు. పట్టముపై మరి రెండేండ్లు చదివి, ఆసుపత్రిలో అభ్యాసము చేసినగాని పథ్యనిపుణులుగా నిలుచుట కష్టము. ప్రభుత్వ ఉద్యోగములు ప్రతియేట వెలువడవు. ఆరు వారములలో నిపుణులను చేయుదుమను ప్రకటనలు చూచి రుసుము చెల్లించువారు మోసపోవుదురు; విశ్వవిద్యాలయపు గుర్తింపు కలదో లేదో ముందు విచారింపవలెను. ఇది ఆడపిల్లల చదువని మగపిల్లలు వెనుదీయుటయు పొరపాటు. పైన చెప్పిన పరిశోధకులలో పెక్కురు పురుషులే. ఇక ఆడపిల్లలను దూరము పంపుటకు జంకు తల్లిదండ్రులు ఒకమాట తలంచుకొనవలెను. ఇతర చదువులు చదివిన పిల్ల పట్టణమునకే పనికిరావచ్చును. ఈ చదువు చదివిన పిల్ల ఎచ్చట స్థిరపడినను, పండుగకు పుట్టింటికి వచ్చినప్పుడైనను, ఆ వీధిలో నాలుగు ఇండ్ల కంచములు చూడగలదు.

గ్రంథాలయమునకును ఒక పని కలదు. 1937లో తొలిసారి చిన్నపుస్తకముగా వెలువడి, 2017లో 528 ఆహారద్రవ్యముల వివరములతో క్రొత్తగా వచ్చిన భారతీయ ఆహారముల పట్టికల గ్రంథమొకటి ఈ బీరువాలో ఉండదగును. ఏ ఇంటర్మీడియటు విద్యార్థినియైన దానిని తెరచి, తన ఇంటిలోని వారమురోజుల తిండిని ఒక కాగితముపై వ్రాసి, జమ ఒకవైపు, లోటు ఒకవైపు వేసి చూచినచో, విశ్వవిద్యాలయపు మొదటి పాఠము ఈ బల్లయొద్దనే ఆరంభమైనట్లు. పొలము లెక్క, శిస్తు లెక్క తప్పక చూచుకొను ఊరు, పిల్లల రక్తము లెక్క చూచుకొనక పోరాదు. ఆ లెక్క నేర్చి వచ్చు బిడ్డ ఈ గ్రామమునుండియే బయలుదేరునుగాక యని ఆశించుచు, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచుగాక.