గీత ముందే గీద్దాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది చుట్టుపక్కల బడులను కూడా పిలిచి మన బడిలో రోబోల పోటీ పెట్టాలని సంఘం సంకల్పించింది. నియమాల సంగతి నన్ను చూడమన్నారు. అందులో ఒక్క నియమం గురించే మాట్లాడతాను. రోబో వల్ల ఫీల్డు పాడవకుండా కాపాడే నియమం అది.

ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే అంతర్జాతీయ పోటీలో ఫీల్డు 12 అడుగుల చదరం. రెండడుగుల ఫోమ్ పలకలు 36 కలిపి పరుస్తారు. మొదటి 30 సెకన్లు పిల్లలు రోబోను నడపకూడదు. రాసిపెట్టిన ప్రోగ్రామ్ ప్రకారం అదే నడవాలి. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని చాలా రోబోలు దారి పట్టుకుంటాయి. ఒక జట్టు రోబో పలక అంచు చీల్చిందనుకోండి. తర్వాతి జట్టు చక్రం అక్కడ తడబడుతుంది, లెక్క తప్పుతుంది. నెలల తరబడి కష్టపడిన పిల్లలు తమది కాని తప్పుకు ఓడిపోతారు. మనకయ్యే ఖర్చు కన్నా ఆ అన్యాయం పెద్దది.

"ఫీల్డును పాడుచేయరాదు" అని రాస్తే చాలదా? చాలదు. టైరు మరక పడితే పాడైనట్టా? ఒక రెఫరీ అవునంటారు, మరొకరు కాదంటారు. "కావాలని పాడుచేయరాదు" అంటే ఇంకా చిక్కు. పిల్లవాడి మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు? కబడ్డీలో హద్దు గీత అవతల కాలు పడితే ఔట్. ఎందుకు పెట్టావని ఎవరూ అడగరు. మన నియమమూ అలా కంటికి కనబడేదిగా ఉండాలి.

అందుకు నాలుగు మాటలు రాద్దాం.

ఒకటి, ఏది నష్టమో చెప్పాలి: చిరుగు, గుంట, ఊడిన పలక. మరకలు, మామూలు అరుగుదల లెక్కలోకి రావు.

రెండు, వద్దన్నవాటికి పేరు పెట్టాలి. ఫస్ట్ రోబోటిక్స్ నియమావళి చక్రాలకు లోహం, శాండ్ పేపర్, గట్టి ప్లాస్టిక్ ముళ్లు, వెల్‌క్రో లాంటివి ఫీల్డును పాడుచేసేలా ఉండకూడదని విడమరిచి చెబుతుంది.

మూడు, ఆటకు ముందే తనిఖీ. రోబో అంచుల మీద పాత నూలుగుడ్డ లాగి చూద్దాం. పట్టుకుంటే ఆ అంచు అరగదీసి రావాలి.

నాలుగు, తర్వాత ఏం చేస్తామో రాయాలి. మొదటిసారి రోబోను ఆపి, బాగుచేసుకుని మళ్లీ తనిఖీకి రమ్మంటాం. అదే భాగం మళ్లీ నష్టం చేస్తే ఆ భాగం తీసేస్తేనే ఆట.

జరిమానా మాత్రం వద్దని నా మనవి. పలక ఖరీదు కట్టమంటే కూలికి వెళ్లే తల్లిదండ్రుల బిడ్డ పోటీకే రాడు. అదనపు పలకలు సంఘమే కొనిపెట్టాలి. ఒక జట్టు అడిగిన సందేహానికి జవాబు అన్ని జట్లకూ కనిపించేలా నోటీసు బోర్డు మీద పెట్టాలి. పెద్ద బడి పిల్లలకు తెలిసి, చిన్న బడి పిల్లలకు తెలియనిది ఏదీ ఉండకూడదు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఈ నియమాలు అచ్చుకు పంపకముందు తొమ్మిదో తరగతి పిల్లల చేతికివ్వండి. "ఇందులో సందులు వెతకండి" అనండి. వాళ్లు పట్టుకున్న ప్రతి సందూ పోటీనాడు జరగబోయే ఒక తగాదా. అది ముందే తీరిపోతుంది.