మోటారుకారు గాలిపంకా – వేగ నియంత్రణము



రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో కార్లు నడుపువారికిని, కార్లు కలవారికిని ఉపయోగపడు ఒక చిన్న విషయమును నేడు మనవి చేయదలచినాము. కారు లోపలి గాలిపంకా తక్కువ వేగములలో తిరుగక, స్విచ్చిని చివరి అంకెకు త్రిప్పినపుడు మాత్రమే హోరున తిరుగుట మీలో పెక్కురు చూచియుందురు. చలిదేశములవారు దీనిని హీటరు పంకా యందురు. మనకు హీటరుతో పని తక్కువ. కాని వేడిగాలినైనను, చల్లగాలినైనను లోనికి పంపునది ఆ పంకాయే. 45 డిగ్రీల ఎండలో మనకు ఊరట నిచ్చునదియు, వానకాలమున ముందుటద్దముపై పట్టు ఆవిరిని తొలగించునదియు అదియే. అద్దము మసకబారినచో ఎదుట వచ్చు బొగ్గులారీ కానరాదు. కావున ఇది కేవలము సుఖమునకు సంబంధించిన విషయము కాదు.

ముందుగా ఇది పనిచేయు తీరును తెలిసికొందము. కారు బ్యాటరీ 12 వోల్టుల విద్యుత్తు నిచ్చును. ఆ విద్యుత్తు పంకాకు పోవు దారిలో రెసిస్టరు అను చిన్న భాగముండును. పెక్కు కార్లలో అది కొన్ని తీగచుట్టలతో కూడియుండును. స్విచ్చి 1వ అంకెపై నున్నపుడు విద్యుత్తు చుట్టలన్నిటి గుండ పోవును. పంకా మెల్లగా తిరుగును. అంకె పెరిగిన కొలది దారిలోని చుట్టలు తగ్గును. చివరి అంకెపై విద్యుత్తు రెసిస్టరును తాకక నేరుగా మోటారును చేరును. కనుక చివరి వేగ మొక్కటియే మిగిలినచో, తరచుగా దోషము రెసిస్టరునందో, దాని తీగలయందో యుండును. ఏ అంకెపైనను పంకా తిరుగనిచో ఫ్యూజు, రిలే, తీగల కలయికలు, మోటారు వరుసగా పరీక్షింపవలెను.

రెసిస్టరును మార్చుట పెద్దపని కాదు. కాని క్రొత్తది వేసిన కొలది దినములకే మరల కాలుట కలదు. దానికి కారణమేమి? విద్యుత్తును అడ్డగించునపుడు రెసిస్టరు వేడెక్కును. అందుచేతనే దానిని పంకా గాలి తగులు చోట అమర్చుదురు. ఓపెన్‌కాస్ట్ గనుల దాపున, లారీలు తిరుగు బాటలలో లేచు దుమ్ము ఫిల్టరులో పేరుకొనును. గాలి తగ్గినపుడు రెసిస్టరు చల్లబడదు. మోటారు బేరింగులు బిగిసినచో మోటారు ఎక్కువ కరెంటు లాగును. అపుడును రెసిస్టరుపై భారము హెచ్చును. సింగరేణి భూగర్భగనులలో పనిచేయువారికి ఈ సంగతి క్రొత్తది కాదు. గాలి దారి మూసికొనినచో, పైన ఎంత పెద్ద పంకా యున్నను పనిచోటికి గాలి చేరదు.

కావున ఈ క్రమము పాటింపుడు. ఇంజను నాపి, తాళము తీసి, బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను. రెసిస్టరును చల్లారనీయవలెను. సామాన్యముగా అది ఎడమ సీటు ముందున్న గ్లోవుబాక్సు వెనుక నుండును. అచ్చట పసుపుపచ్చని తొడుగుగల తీగలు కనబడినచో అవి ఎయిర్‌బ్యాగుకు చెందినవి, తాకరాదు. ఫిల్టరును శుభ్రపరచవలెను, లేదా మార్చవలెను. పంకాచక్రమును చేతితో త్రిప్పి చూడవలెను. గరగరలాడినను, బిగువుగా నున్నను ముందు మోటారు సంగతి చూడవలెను. ప్లగ్గు కరిగి నల్లబడినచో దానినికూడ మార్చవలెను; వదులైన కలయిక మరల వేడిని పుట్టించును. తుదకు ఆ కారునకు తగిన రెసిస్టరునే వేయవలెను. వేడిమిని తానే సరిచూచుకొను ఏసీ గల కార్లలో దీనికి బదులు ఎలక్ట్రానిక్ పరికరముండును. వానిని తెలిసిన మెకానిక్కునకే చూపవలెను.

ఒక్క హెచ్చరిక. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానమున రాగితీగ చుట్టరాదు. అంతకంటె పెద్ద ఫ్యూజు వేయరాదు. ఫ్యూజు తాను కాలి కారును కాపాడును. దానిని తప్పించినచో తీగలే కాలి, నిప్పు పుట్టును. అద్దెకారు నడుపుకొని బ్రతుకువానికి ఆ కారే పొలము, ఆ కారే కాడియెడ్లు. కొద్ది రూపాయల ఫ్యూజునకు వెనుదీసి దానిని పోగొట్టుకొనుట తగునా?

కాలిన భాగమును మార్చుటతో తృప్తిపడక, అది కాలుటకు గల కారణమునుకూడ తొలగింపవలెనని మీకు మనవి చేయుచు విరమించుచున్నాము.