ఉద్యోగార్థుల దరఖాస్తులు – యంత్రపు వడపోఁత


మన కోహెడకుఁ జేరువనున్న ఆదిబట్లలో విమానభాగముల కర్మాగారములును టీసీఎస్ కార్యాలయమును వెలసిన పిదప మనవారిలోఁ గొందఱు ఉద్యోగమిచ్చువారైరి. పెక్కురు నేఁటికిని అర్థించువారే. ఒక్క కొలువునకు వందల దరఖాస్తులు వచ్చుచుండఁగా, వడపోయు సాఫ్టువేరును గొనవచ్చునా యని యజమానులు మమ్మడుగుచున్నారు. కొనవచ్చును, పరీక్షించి కొనవలెను.

యంత్రము పూర్వపు దరఖాస్తులఁ జూచియే నేర్చును. అమెజాను సంస్థ చేయించిన యట్టి సాధనము పదేండ్ల పత్రములఁ జూచి నేర్చెను. వానిలోఁ బురుషులవే యధికము. అందుచే ‘మహిళల’ అను మాటగల పత్రములను అది తక్కువ చేసెనని 2018లో రాయిటర్స్ వెల్లడించెను. సంస్థ యప్పటికే దానిని విడిచెను. న్యూయార్కు నగరమున 2023 జూలై నుండి యిట్టి సాధనములకుఁ బక్షపాత పరీక్ష తప్పనిసరి చేసిరి.

పరీక్షపత్రముపైఁ బేరు దాఁచి సంఖ్య యుంచుట యెందులకో ఉపాధ్యాయులెఱుఁగుదురు. ఒకే దరఖాస్తునకు రెండు ప్రతులు చేసి, పేరును ఇంటిపేరును మాత్రము మార్చి యంత్రమున కిండు. మార్కులు మాఱెనా, ఆ సరుకు మనకు వలదు. మన కులమువాని కెక్కువ వచ్చినను వలదు. ఈ మాట యీ సభలోఁ గొందఱకు రుచింపదని యెఱుఁగుదుము.

తెలుగు మాధ్యమమునఁ జదివి పని చక్కఁగా నేర్చిన బాలిక, యంత్రము వెదకు ఆంగ్లపదమును వ్రాయకపోవుటచేతనే వెనుకఁబడవచ్చును. కావునఁ ద్రోసివేసిన పత్రములలోఁ గొన్నిటినైన మనుష్యుఁడు చదువవలెను. ఆ పనికొకరిని నియమించిన పిదపనే విక్రేతతో వెల మాటాడుఁడు.