బెంగుళూరు పేరులో ఏగిస చెట్టు

ఈ సభలో చాలామంది చిన్నప్పుడే విని ఉండే కథ ఇది. హొయసల రాజు వీరబల్లాలుడు వేటలో దారి తప్పి, ఆకలితో ఓ ముసలమ్మ గుడిసె చేరాడు. ఆమె గుగ్గిళ్లు పెట్టింది. ఉడికిన గింజల్ని కన్నడంలో ‘బెంద కాళు’ అంటారు కనుక ఊరు బెందకాళూరు అయిందట.

కథ బాగుంది. కాలం కుదరదు. రెండో వీరబల్లాలుడు గద్దెనెక్కింది 1173లో. బేగూరు నాగేశ్వరాలయం దగ్గర దొరికిన గాంగుల కాలపు వీరగల్లు క్రీ.శ. 890 ప్రాంతానిది. ‘బెంగుళూరు’ పోరులో ఒక యోధుడు నేలకొరిగాడని దాని మీద చెక్కి ఉంది. రాజు పుట్టకముందే ఊరూ ఉంది, పేరూ ఉంది.

కెంపేగౌడ 1537లో కోట కట్టినప్పుడు పేరు కొత్తగా పుట్టలేదు. కొడిగేహళ్లి దగ్గరి పల్లె పేరే కొత్త పేటకు వచ్చిందంటారు. ఆ పల్లెను నేటికీ హళే బెంగళూరు అనే పిలుస్తారు.

మరి పేరుకు మూలమేది? కాపలాదారుల ఊరన్నారు, తెల్లరాళ్ల ఊరన్నారు. వీటన్నిటికన్నా బలంగా నిలిచే వాదం చెట్టుది. కన్నడంలో ‘బెంగ’, ‘హొన్నె’ అని పిలిచే చెట్టే తమిళుల వేంగై, మన ఏగిస. వేగి, వేగిస అని కూడా అంటాం. తెలుగులో మాట మొదట ఉన్న వకారం కన్నడంలో బకారం కావడం మామూలే: వెన్న బెణ్ణె, వేరు బేరు, వేట బేటె. ఆ వరసలోనే వేగికి బెంగ చుట్టం. శాసనం పేరు చెబుతుందే గానీ అర్థం చెప్పదు కాబట్టి దీన్ని తిరుగులేని రుజువు అనలేం. అయినా ధ్వని ఒప్పుకుంటోంది, కాలమూ అడ్డు రావడం లేదు.

ఏగిస ఎర్రచందనానికి దగ్గరి బంధువు, రెండూ ఒకే ప్రజాతివి. ఆకురాల్చే అడవుల్లో పెరుగుతుంది. బెరడు గీస్తే నెత్తురులా ఎర్రని బంక కారుతుంది. ‘కైనో’ పేరుతో అది ఒకప్పుడు ఐరోపా మందుల కొట్లకూ వెళ్లేది. చేవ గట్టిది, ఇళ్ల కలపకూ బండ్లకూ పనికొస్తుంది. దాని చేవతో తొలిచిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి గోధుమరంగుకు తిరుగుతాయి. మనుషుల బతుకులో ఇంతగా కలిసిన చెట్టు పేరు ఊరికి పెట్టుకోవడం సహజం.

ఈ నగరంలోనే హలసూరుకు పనస పేరు పెట్టారంటారు. అత్తిగుప్పెలో మేడి వినిపిస్తుంది. మన వైపు మద్దిపాడు, చింతలపూడి, మారేడుమిల్లి ఆ కోవలోనివే.