‘ఆర్’ పేజీలోని రావులు

(సుపేలాలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో, బ్యాంకు సమాచార సాంకేతిక విభాగం నుంచి పదవీ విరమణ చేసిన ఒక అధికారి చేసిన ప్రసంగ పాఠం)



మేనేజరు గారు ఫోన్ చేసి, "డేటాబేస్ గురించి నాలుగు మాటలు చెప్పండి సార్, కానీ ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా ఉండాలి" అన్నారు. పక్కనే కూర్చున్న మా ఆవిడ నవ్వింది. "ఇన్నేళ్లలో నాకే చెప్పలేదు, అక్కడేం చెబుతారు?" అంది. ఆదివారం రాత్రి పదింటికి ఆఫీసు కారెక్కి, సోమవారం తెల్లవారుజామున ఎర్రబడ్డ కళ్లతో ఇంటికొచ్చే మనిషి అసలేం చేసి వచ్చాడో ఆవిడకు నేనెప్పుడూ వివరంగా చెప్పలేదు. ఇవాళ ఆ బాకీ తీర్చుకుంటాను.

నేను 1988లో గుమాస్తాగా చేరింది ఈ సుపేలాలోనే. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం లేదు, ఇది మధ్యప్రదేశ్. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ గారు ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి మనవాళ్లు, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు వాళ్లు, బతుకుతెరువు కోసం ఇక్కడికి వస్తూనే ఉన్నారు. జీతాల వారంలో మా కౌంటరు ముందు హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు మూడూ వినిపించేవి.

బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టాలని రంగరాజన్ కమిటీ 1984లోనే చెప్పింది. మా శాఖ దాకా అవి ఇంకా రాలేదు. మావన్నీ చేతిరాత లెడ్జర్లే. ఒక్కో ఖాతాకు ఒక్కో ఫోలియో. పాసుపుస్తకం ఉంటే దాని మీద ఫోలియో నంబరు ఉంటుంది, లెడ్జరు తీసి నేరుగా ఆ పేజీకి వెళ్లిపోవచ్చు. పాసుపుస్తకం లేనివాళ్లు వస్తే మాకు దిక్కు ఇండెక్స్ రిజిస్టరు. అంచుల్లో ఏ, బీ, సీ అని మెట్లు మెట్లుగా కత్తిరించిన పొడుగాటి పుస్తకం. పేరు, దాని పక్కన లెడ్జరు నంబరు, ఫోలియో నంబరు, అంతే. అందులో డబ్బు లెక్క ఏమీ ఉండదు. లెక్క ఎక్కడుందో చెప్పడమే దాని పని.

కంప్యూటరులోని ఇండెక్స్ కూడా సరిగ్గా అదే. డేటాబేస్‌లో సమాచారం పట్టికల్లో ఉంటుంది. ఇలా పట్టికలుగా పెట్టుకునే పద్ధతిని 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గార్ కాడ్ అనే ఆయన ప్రతిపాదించాడు. ఒక పట్టికలో కోటి ఖాతాలున్నాయనుకోండి. ఇండెక్స్ లేకపోతే ఒక్క ఖాతా కోసం మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా అన్నీ తిరగెయ్యాలి. ఇండెక్స్ ఉంటే నాలుగైదు పేజీలు చూస్తే సరిపోతుంది.

నాలుగైదు ఎలా సరిపోతాయని పిల్లలు అడగొచ్చు. వీటిలో ఎక్కువగా వాడేదాన్ని బీ-ట్రీ అంటారు. బోయింగ్ విమానాల సంస్థ పరిశోధనశాలలో ఉన్న రుడాల్ఫ్ బాయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ దాన్ని రూపొందించారు. పై పేజీలో 200 దారులుంటాయనుకోండి. ఒక్కో దారి ఒక్కో పేజీకి తీసుకెళుతుంది, అక్కడ మళ్లీ 200 దారులు. రెండు మెట్లకు 40,000. మూడు మెట్లకు 80 లక్షలు. నాలుగు మెట్లు దిగితే 160 కోట్లు, అంటే దేశ జనాభా కంటే ఎక్కువ. మీరు కార్డు పెట్టిన రెండు క్షణాల్లో మీ ఖాతా దొరకడం వెనక ఉన్న లెక్క ఇదే.

ఇక మా సుపేలా రిజిస్టరు సంగతికొస్తాను. ఇక్కడివాళ్ల ఇంటిపేరు చివర ఉంటుంది. సాహు, వర్మ, యాదవ్ అని చివరి మాట చూసి రాసేస్తే సరిపోయేది. మనవాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది. గేటు పాసులో అది ఒక్క అక్షరమై మిగులుతుంది. చివర ఏముంటుంది? రావు! అప్పారావు, వెంకట్రావు, సూర్యారావు అందరూ ‘ఆర్’ పేజీలోకే వచ్చిపడ్డారు. ఆ పేజీలు నిండిపోయాయి. ‘క్యూ’ అక్షరంలో ఒకరిద్దరు ఖురేషీలు తప్ప ఎవరూ లేరు కాబట్టి మిగిలిన రావులను అక్కడ రాశారు. రావులంతా క్యూలో నిలబడ్డారన్నమాట! అదీ నిండాక చీటీలు రాసి జిగురుతో అంటించారు.

తరవాత ఎన్నో ఏళ్లకు డేటాబేస్ పాఠాలు నేర్చుకుంటుంటే నాకు ఆ ‘ఆర్’ పేజీయే కళ్ల ముందు కనిపించింది. అందరికీ ఒకటే ఉన్న దాని మీద ఇండెక్స్ పెడితే ఉపయోగం తక్కువ. ‘రావు’ అని వెతికితే సగం భిలాయి తెలుగువాళ్లు దొరుకుతారు, కావలసిన మనిషి దొరకడు. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ కలిపి ఇండెక్స్ పెడితే మనిషి తేలతాడు. కానీ ఆ వరుస ముఖ్యం. ఇంటిపేరు ముందు పెట్టిన ఇండెక్స్‌లో పుట్టిన తేదీ ఒక్కటే చెప్పి వెతకమంటే పెద్దగా సాయపడదు. పేజీ నిండితే కంప్యూటరు కూడా కొత్త పేజీ తీసుకుని సగం అందులోకి మారుస్తుంది. అలా మార్చీ మార్చీ కొన్నాళ్లకు సగం ఖాళీ పేజీలు మిగులుతాయి, ఇండెక్స్ ఉబ్బిపోతుంది. అప్పుడు దాన్ని సర్దాలి, లేదా మొత్తం కొత్తగా కట్టాలి.

మా రిజిస్టరును కూడా కొత్తగా కట్టాం. అంచులు నలిగి చిరిగిపోతోందని 1989 చలికాలంలో కొత్త రిజిస్టరు రాసే పని నాకు అప్పగించారు. నా చేతిరాత బాగుంటుందని పేరు. పదిహేను రోజులు కూర్చుని రాశాను. అందరూ మెచ్చుకున్నారు.

రెండు నెలల తరవాత ఖుర్సీపార్ నుంచి ఒకావిడ వచ్చింది. భర్త ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాడట, పోయి నెలన్నర అయింది. పాసుపుస్తకం దొరకలేదు. "బ్యాంకీలో డబ్బులేసినాడు బాబూ, నాతో చెప్పినాడు" అంది. పేరు రావే. ‘ఆర్’ చూశాను, ‘క్యూ’ చూశాను. లేదు. "ఆ పేరుతో ఖాతా లేదమ్మా" అన్నాను. వెళ్లిపోయింది. వారం తరవాత మళ్లీ వచ్చింది. మళ్లీ అదే మాట చెప్పాను, ఈసారి కాస్త విసుగ్గానే.

మూడోసారి వచ్చినప్పుడు మా హెడ్ క్లర్కు గారు విన్నారు. ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించి, వివరాలన్నీ రాసుకుని పంపించారు. తరవాత నాతో ఒక్క మాట అన్నారు: "ఖాతా లేదని చెప్పావు. నువ్వు చూసింది ఖాతాలు కాదు, నీ రిజిస్టరు."

ఆ సాయంత్రం కౌంటరు మూసినప్పటి నుంచి ఇద్దరం లెడ్జర్లు ఒక్కొక్కటే మొదటి ఫోలియో నుంచి తిరగేశాం. మూడు సాయంత్రాలు పట్టింది. తొమ్మిదో లెడ్జరులో దొరికింది. నాలుగు వేల చిల్లర. అప్పుడు పాత రిజిస్టరు తీసి చూశాం. ‘క్యూ’ పేజీకి అంటించిన చీటీ వెనక వైపు కూడా నాలుగు పేర్లు రాసి ఉన్నాయి. నేను చీటీ ముందు వైపే చూసి రాశాను.

ఆదివారం సైకిలు మీద ఖుర్సీపార్ వెళ్లాను. ఖాతా ఉందని, కావలసిన కాగితాలు ఇవీ అని చెప్పాను. ఆవిడ డబ్బెంత అని అడగలేదు. "ఉన్నాదా? అయితే ఆయన నాతో అబద్ధం ఆడలేదన్నమాట" అంది. ఈ రెండు నెలలూ చుట్టాలందరూ ‘తాగి తగలేసి ఉంటాడు, నీతో బ్యాంకని చెప్పాడు’ అన్నారట. ఆవిడ కూడా సగం నమ్మిందట. పోయిన మనిషి మీద నేను వేసిన మచ్చ అది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, టీ ఇచ్చి పంపింది.

కంప్యూటరులో ఆ పొరపాటు అలా జరగదు. పట్టికలో కొత్త వరుస చేరితే ఇండెక్స్‌లో కూడా అదే ఘడియలో దానంతటదే చేరుతుంది. చీటీ వెనక వైపు మరచిపోవడం ఉండదు. కానీ ఆ సుఖానికి ఒక ఖరీదుంది. అది కూడా నేను తప్పు చేసే నేర్చుకున్నాను.

నేను ఐటీ విభాగానికి వెళ్లిన కొత్తల్లో లావాదేవీల పట్టిక మీద రిపోర్టులు నెమ్మదిగా వస్తున్నాయని ఫిర్యాదులుండేవి. ఎవరు అడిగితే వాళ్ల కోసం ఒక ఇండెక్స్ పెట్టాను. రిపోర్టులు పరిగెత్తాయి, మళ్లీ మెచ్చుకోళ్లు! చూస్తే అవి పద్నాలుగు అయ్యాయి. అంటే మీరు వంద రూపాయలు వేసిన ప్రతిసారీ పట్టికలో ఒక్కసారి, ఇండెక్స్‌లలో పద్నాలుగు సార్లు రాయాలి. ఒక నెలాఖరు రాత్రి, లక్షల ఖాతాలకు వడ్డీ వేసే వేళ, తెల్లవారేదాకా పూర్తవ్వాల్సిన పని పూర్తవలేదు. పొద్దున శాఖలు తెరిచే వేళకు సిస్టం సిద్ధంగా లేదు. పింఛను కోసం క్యూలో నిలబడ్డ పెద్దవాళ్లకు మీలాంటి వాళ్లే "కాసేపు కూర్చోండి" అని సర్దిచెప్పాల్సి వచ్చింది. ఆ రోజు మీరు పడ్డ మాటలు నిజానికి నావి.

ఆ తరవాత నాకు నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, కొత్త ఇండెక్స్ పెట్టే ముందు దాన్ని ఎవరు, ఎన్నిసార్లు వాడతారో అడగాలి. రెండు, ఎవరూ వాడని ఇండెక్స్‌ను తీసెయ్యాలి. కానీ తొందరపడకూడదు. మూడు నెలలు ఎవరూ ముట్టుకోని ఇండెక్స్ మార్చి 31 రాత్రి ఒక్కసారే అవసరం పడొచ్చు. అందుకే కనీసం ఒక ఏడాది ముగింపు లెక్కలు దాటేదాకా గమనించాలి. ఒరాకిల్‌లో ఇండెక్స్‌ను చెరపకుండా కొన్నాళ్లు కనబడకుండా పెట్టే వీలుంది. ఎవరూ మొర పెట్టుకోకపోతే అప్పుడు తీసెయ్యొచ్చు.

మూడోది, లెక్కలు తాజాగా ఉంచడం. పట్టికలో ఎన్ని వరుసలున్నాయి, ఏ విలువలు ఎక్కువగా ఉన్నాయి అనే అంచనాలు డేటాబేస్ రాసిపెట్టుకుంటుంది. వాటిని చూసే ఏ దారిన వెళ్లాలో నిర్ణయించుకుంటుంది. అవి పాతబడితే, ముప్పై ఏళ్ల కిందట భిలాయి వదిలినవాణ్ణి సుపేలాకు దారి అడిగినట్టే. ధైర్యంగా చెబుతాడు, తప్పు చెబుతాడు. 2020 ఏప్రిల్ 1న పది ప్రభుత్వ రంగ బ్యాంకులు నాలుగుగా కలిశాయి. అలాంటప్పుడు ఒక బ్యాంకు ఖాతాలన్నీ మరో బ్యాంకు పట్టికల్లోకి ఒక్కసారిగా వచ్చి చేరతాయి. ఆ మర్నాడు ఈ అంచనాలు కొత్తగా వేయించకపోతే మంచి ఇండెక్స్ ఉండి కూడా లేనట్టే.

ఈ పనులు జనం తక్కువగా ఉన్న వేళలోనే చేసుకోవాలి. మీ ఇంటాయనో, మీ అమ్మాయో ఐటీ విభాగంలో ఉండి ఆదివారం రాత్రి భోజనం మధ్యలో లేచి వెళితే, బహుశా ఆ ‘ఆర్’ పేజీ సర్దడానికే వెళ్లి ఉంటారు. మర్నాడు శాఖలో ఎవరూ ఏమీ గమనించలేదంటే పని బాగా జరిగినట్టు.

చివరగా మీ ఇళ్ల సంగతి ఒకటి. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళతాయి. వెళ్లినా హక్కు పోదు, అడిగి తీసుకోవచ్చు. వాటిని వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో ‘ఉద్గమ్’ అనే పోర్టల్ పెట్టింది. అందులో కూడా పేరు ఒక్కటే సరిపోదు. పాన్, ఓటరు కార్డు, పుట్టిన తేదీ లాంటిది ఏదో ఒకటి ఇవ్వాలి. రావుల కథ వాళ్లకూ తెలుసు మరి!

అంతదాకా రానివ్వకండి. ఇంటికెళ్లాక ఒక తెల్లకాగితం తీసుకోండి. ఏ బ్యాంకులో ఏ ఖాతా, ఏ డిపాజిట్టు, లాకరు ఎక్కడ, బీమా పాలసీ నంబరు, నామినీ ఎవరు, ఒక్కో దానికి ఒక్కో వరుస రాయండి. పాస్‌వర్డులు, పిన్‌లు రాయకండి. అది మీ ఇంటి ఇండెక్స్. ఏటా ఉగాదికి ఒకసారి తీసి చూడండి, మారినవి దిద్దండి. కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. మేము బ్యాంకువాళ్లం, మాకన్నీ తెలుసు అనుకునే ఇళ్లలోనే ఈ కాగితం ఉండదు. మా ఇంట్లోనూ నిన్న రాత్రి దాకా లేదు. నిన్న రాశాను. మా ఆవిడ అంతా చదివి, కాగితం తిప్పి వెనక వైపు కూడా చూసింది.